ఉత్తరం మోసినవాడి నేరం

పాత తెలుగు పుస్తకం ఏదైనా చేతికి దొరికితే లోపలి అట్ట వెనకో, ఆఖరి పేజీ అడుగునో ఒకసారి చూడండి. ఫలానా ముద్రాక్షరశాల, చెన్నపురి అనో, బెజవాడ అనో, రాజమహేంద్రవరం అనో చిన్న అక్షరాల్లో ఒక వరస కనిపిస్తుంది. రచయిత పేరు లేని పుస్తకాలు నేను చూశాను గాని అచ్చుకూటం పేరు లేనిది చూసినట్టు గుర్తు లేదు. ప్రెస్సు యజమాని పేరు కోసం తాపత్రయపడి వేసుకున్న వరస కాదది. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఈ దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా అచ్చు వేసినవాడి పేరూ, వేసిన చోటూ ఉండి తీరాల్సి ఉండేది. రాసినవాడి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు యంత్రం ఎక్కడుందో తెలియాలి.

సర్కారు లెక్క చాలా తెలివైనది. రాసినవాడు మారుపేరు పెట్టుకుంటాడు, ఊరు మారతాడు, అవసరమైతే ఫ్రెంచివాళ్ళ యానాం వెళ్ళి కూర్చుంటాడు. ఇనప ప్రెస్సుకు ఆ వీలు లేదు. దాన్ని ఎత్తుకుని రాత్రికి రాత్రి గోదావరి దాటలేం. 1910 ప్రెస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నుంచి 2000 రూపాయల దాకా పూచీ కట్టాలంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అచ్చయినదాంట్లో రాజద్రోహం కనిపిస్తే పూచీ జప్తు. ఇక ఆ ప్రెస్సువాడే రచయిత కంటే ముందు ప్రతి వాక్యాన్నీ భూతద్దం పెట్టి చూస్తాడు. సర్కారుకు సెన్సారు గుమాస్తా జీతం మిగిలింది. అంతకు రెండేళ్ళ ముందు, 1908లో, బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం మీద జైలుకెళ్ళిన సంగతి మనవాళ్ళకి తెలిసిందే. ఆ కేసులో సంపాదకుడితో పాటు పత్రిక ప్రచురణకర్త కూడా ముద్దాయి అన్న సంగతి అంతగా చెప్పుకోం.

అదే సర్కారు, అదే కాలంలో, ఇంకో మోతగాడి విషయంలో పూర్తిగా వేరే దారి పట్టింది. 1898 తపాలా చట్టంలో ఉత్తరం పోయినా, ఆలస్యమైనా, తప్పు చిరునామాకి చేరినా తపాలా శాఖకి బాధ్యత లేదని రాసుకుంది. ఉత్తరంలో ఉన్న బెదిరింపుకి పోస్ట్‌మన్‌ని ఎవరూ బోనెక్కించరు. కావాలంటే ప్రభుత్వం మధ్యలో ఆపి విప్పి చూసుకోవచ్చు, ఆ అధికారం చట్టంలోనే ఉంది. కాని మోసినవాడు విప్పి చూడకూడదు. చూడకూడదు కాబట్టే అతనికి పాపం అంటదు.

అచ్చుకూటమా, తపాలానా? ఇంటర్నెట్ కంపెనీల బాధ్యత గురించి ముప్ఫై ఏళ్ళుగా కోర్టుల్లో జరుగుతున్న వాదమంతా ఈ రెండు పోలికల మధ్య ఊగుతున్నదే. ఇంట్లోకి తీగ లాగిన కేబులు కంపెనీ, సర్వర్లు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీ, ఫొటోలు పెట్టుకోనిచ్చే సైటు, సందేశాలు మోసే యాప్ — వీటిలో కస్టమరు ఒకడు నేరం చేశాడు. కంపెనీకి ఎంతవరకు బాధ్యత? ఎప్పుడు మొదలవుతుంది? వృత్తిరీత్యా ఆ తీగలకి ఇవతలి కొసలో కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు ఈ చరిత్ర మీద ఆసక్తి. లాయర్లు రాసింది చాలానే ఉంది గాని, యంత్రం తెలిసినవాడి వైపు నుంచి తెలుగులో రాసింది నా కంటపడలేదు.

మూడో పోలిక ఒకటుంది, పుస్తకాల షాపు. 1959లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పుస్తకాల వ్యాపారి కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అశ్లీలమైన పుస్తకం షాపులో అమ్మకానికి దొరికితే చాలు, అందులో ఏముందో యజమానికి తెలిసినా తెలియకపోయినా నేరమే అని ఆ ఊరి శాసనం. కోర్టు దాన్ని కొట్టేసింది. తెలియకపోయినా శిక్ష అంటే, వ్యాపారి తాను చదివిన పుస్తకాలే అమ్ముతాడు, అప్పుడు ఊరివాళ్ళకి దొరికేవి అతను చదవగలిగినన్నే అన్నది దాని తర్కం. ‘తెలియడం’ అన్న మాట ఇక్కడ స్థిరపడింది. తర్వాత కథంతా ఆ మాట చుట్టూనే.

1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ముందుకి కంప్యూసెర్వ్ వచ్చింది. అప్పటికి వెబ్ జనంలోకి రాలేదు. మోడెమ్‌తో డయల్ చేసి ఒకే కంపెనీ తాలూకు చర్చావేదికలు, వార్తలు చదువుకునే కాలం. అందులో బయటివాళ్ళు నడిపే ఒక చిన్న దినపత్రికలో తమ పరువు తీశారని క్యూబీ అనే సంస్థ దావా వేసింది. కంప్యూసెర్వ్ ఆ పత్రికని ముందుగా చదవదు, దిద్దదు. కాబట్టి ఇది కంప్యూటర్లో ఉన్న గ్రంథాలయం లాంటిది, బాధ్యత లేదు అంది కోర్టు. బాగానే ఉంది.

నాలుగేళ్ళ తర్వాత, 1995లో, ప్రాడిజీ కేసు. ఇది కూడా కంప్యూసెర్వ్ లాంటి కంపెనీయే, కాకపోతే ‘మాది ఇంటిల్లిపాదీ చూడదగ్గ సర్వీసు’ అని చెప్పుకునేది. బూతుమాటలు పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టింది, చర్చల్ని కనిపెట్టి ఉండటానికి మనుషుల్ని పెట్టింది. దాని డబ్బుల చర్చా విభాగంలో ఎవరో పేరు తెలియని మనిషి, స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల కంపెనీ మోసాలు చేస్తోందని రాశాడు. కంపెనీ 20 కోట్ల డాలర్లకి దావా వేసింది. నువ్వు శుభ్రం చేస్తున్నావు కాబట్టి నువ్వు గ్రంథాలయం కాదు, పత్రిక సంపాదకుడివి, మిగిలిన మురికికి కూడా నువ్వే పూచీ అని న్యూయార్క్ రాష్ట్ర కోర్టు తేల్చింది. వీధి ఊడ్చేవాడి మీద చెత్త కేసు పెట్టి, ఊడ్చనివాణ్ణి వదిలేసినట్టయింది. ఇంకో తమాషా ఏమిటంటే ఆ షేర్ల కంపెనీ నిజంగానే మోసాలు చేసింది. దాన్ని నడిపినవాళ్ళు 1999లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ‘ద వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్’ సినిమా వాళ్ళ గురించే. పేరు లేనివాడు రాసింది అబద్ధమేమీ కాదన్నమాట.

ఈ తలకిందుల తీర్పుని సరిచేయడానికి క్రిస్ కాక్స్, రాన్ వైడెన్ అనే ఇద్దరు ప్రతినిధుల సభ సభ్యులు, ఒకాయన రిపబ్లికన్, ఒకాయన డెమొక్రాట్, కలిసి రాసిందే 1996 నాటి సెక్షన్ 230. ఇతరులు పెట్టిన సమాచారానికి కంపెనీని ప్రచురణకర్తగా చూడకూడదు, మంచి ఉద్దేశంతో శుభ్రం చేసినా ఆ రక్షణ పోదు. ఇవాళ మనం వాడే సైట్లలో సగం ఈ సెక్షన్ నీడలో పెరిగినవే. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఫెడరల్ క్రిమినల్ చట్టానికీ, కాపీరైటుకీ ఇది వర్తించదు. దీన్ని సర్వరోగనివారిణిగానో సర్వపాపాలకు మూలంగానో మాట్లాడేవాళ్ళు ఆ మినహాయింపుల్ని ఇట్టే మర్చిపోతారు.

నీడ ఎంత చల్లనిదో మరుసటేడే ఒక మనిషికి తెలిసొచ్చింది. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో బాంబు పేలి 168 మంది చనిపోయారు, అందులో 19 మంది పసిపిల్లలు. వారం తిరక్కుండా ఏఓఎల్‌లో ఒక ప్రకటన వచ్చింది, ఆ చావుల్ని వెక్కిరించే టీషర్టులు అమ్మబడును, ఈ నంబరుకి ఫోను చేయండి అని. ఆ నంబరు సియాటిల్‌లో ఉండే ఒకాయనది. ఆయనకి ఏఓఎల్‌లో ఖాతా కూడా లేదు. ఫోను మోగుతూనే ఉంది, ఒక దశలో రెండు నిమిషాలకో బెదిరింపు. ఇంటి నుంచే వ్యాపారం చేసుకునే మనిషి, నంబరు మార్చుకోలేడు. ఏఓఎల్‌కి ఫోను చేశాడు, తీసేశారు, మళ్ళీ పెట్టారు. మళ్ళీ చేశాడు. 1997లో అప్పీలు కోర్టు ఏమందంటే, నోటీసు అందినా సరే, సెక్షన్ 230 కింద కంపెనీకి బాధ్యత లేదు. నోటీసు ఇచ్చినప్పుడల్లా బాధ్యత వస్తుందంటే ఎవరు ఏది అడిగినా తీసేయడమే కంపెనీకి తేలిక అవుతుందని కోర్టు భయం. భయం సహేతుకమే, అయినా ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆ ఫోను మోతే వినిపిస్తుంది. పెట్టినవాడు చివరికి దొరకనూ లేదు. పెట్టినవాడు దొరకడు, మోసినవాడికి అంటదు, మరి ఆయన ఎవర్ని అడగాలి?

అట్లాంటిక్‌కి ఇవతల ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. 1995 చివర్లో జర్మనీలో బవేరియా పోలీసులు మ్యూనిక్ దగ్గర కంప్యూసెర్వ్ ఆఫీసు సోదా చేసి, పిల్లల అశ్లీల చిత్రాలూ అలాంటివీ ఉన్నాయని అనుమానమున్న రెండొందల పైచిలుకు న్యూస్‌గ్రూపుల చిట్టా చేతిలో పెట్టారు. జర్మనీ వరకు ఆపే సదుపాయం కంపెనీకి అప్పట్లో లేదు. దాంతో డిసెంబరులో ప్రపంచమంతటా ఉన్న 40 లక్షల చందాదారులకీ ఒకేసారి ఆపేసింది. ఒక రాష్ట్ర పోలీసుల చిట్టా మొత్తం ప్రపంచానికి చట్టమైన మొదటి సందర్భాల్లో ఇదొకటి. అక్కడితో ఆగలేదు. కంప్యూసెర్వ్ జర్మనీ శాఖ అధిపతి ఫెలిక్స్ సోమ్ మీద కేసు పెట్టారు. నిజానికి ఆ శాఖ చేసే పని డయల్ చేసినవాళ్ళని అమెరికాలోని యంత్రాలకి కలపడం. న్యూస్‌గ్రూపులున్న సర్వర్లు ఒహాయోలో ఉన్నాయి, వాటి మీద ఆయనకి చెయ్యి లేదు. విచారణలో అది ఎంత స్పష్టమైందంటే, ప్రాసిక్యూషన్ వారే లేచి ఇతన్ని వదిలేయండి అన్నారు. 1998 మే నెలలో జడ్జి మాత్రం రెండేళ్ళ జైలు (అమలు నిలిపి), లక్ష మార్కుల జరిమానా వేశాడు. శిక్ష వేయొద్దని ప్రాసిక్యూటరు, వేస్తానని జడ్జి. మరుసటేడు నవంబరులో పై కోర్టు కొట్టేసింది.

సోమ్ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ‘శాఖ’ అన్న ముక్క. యంత్రం ఒక దేశంలో, చిరునామా ఉన్న మనిషి ఇంకో దేశంలో. పోలీసులు సహజంగానే చిరునామా ఉన్న మనిషి దగ్గరికి వెళతారు. ఇది మన దేశంలోనూ రెండుసార్లు జరిగింది, రెండోది సికింద్రాబాదులో.

మొదటిది బాజీ డాట్ కామ్. మనకి 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెచ్చింది, 1998లో ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచారు, 2000 అక్టోబరులో ఐటీ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలో 79వ సెక్షన్ ‘నెట్‌వర్క్ సర్వీస్ ప్రొవైడర్’కి ఒక రక్షణ ఇచ్చింది. కస్టమరు నేరం తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగినంత జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకుంటే బయటపడొచ్చు. రుజువు చేసుకోవలసింది కంపెనీయే. ఇంకో మెలిక కూడా ఉంది, ‘ఈ చట్టం కింద’ నేరాలకే ఆ రక్షణ. ఐపీసీ నేరాలకి కాదు. ఈ రెండు చిన్న మాటలు పంతొమ్మిదేళ్ళ తర్వాత ఎంత పని చేశాయో చూద్దాం.

2004 నవంబరు 27, శనివారం రాత్రి. ఢిల్లీలో ఇద్దరు స్కూలు పిల్లల మధ్య ఫోన్లో తీసిన వీడియో అప్పటికే చేతులు మారుతోంది. ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థి ఒకడు బాజీలో దాన్ని 125 రూపాయలకి అమ్మకానికి పెట్టాడు, ‘పుస్తకాలు, పత్రికలు’ విభాగంలో. వీడియో సైటు మీద లేదు. డబ్బు కట్టినవాళ్ళకి అతను ఈమెయిల్లో పంపేవాడు. ఆ సాయంత్రమే ఒక వినియోగదారు కంపెనీకి ఫిర్యాదు పంపాడు. చూసినవాళ్ళు లేరు. ఆదివారం గడిచింది. సోమవారం ఉదయం పది దాటాక తీసేశారు, ఈలోపు ఎనిమిది మంది కొన్నారు. డిసెంబరు 17న కంపెనీ అధిపతి అవనీశ్ బజాజ్‌ని, దర్యాప్తుకు సహకరిస్తానని ముంబయి నుంచి ఢిల్లీ వచ్చిన మనిషిని, అరెస్టు చేశారు. నాలుగు రోజుల తర్వాత హైకోర్టు బెయిలిచ్చింది. నాస్కామ్ గట్టిగా అభ్యంతరం చెప్పింది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా కంప్యూటర్ల పిచ్చి బ్యాచ్‌లో అందరం సీఈవో పక్షమే. ఇప్పుడు అదే ఉదంతాన్ని ఉద్యోగస్తుడిగా చూస్తే నా దృష్టి అరెస్టు మీద కంటే ఆ ఆదివారం మీద ఆగుతుంది. ఫిర్యాదు వచ్చింది. పెట్టెలో పడి ఉంది. డ్యూటీలో మనిషి లేడు. వీడియోలో ఉన్న ఆ అమ్మాయికి ఆ ఒకటిన్నర రోజు ఏమిటో ఏ కోర్టు కాగితంలోనూ ఉండదు. జైలుకి పంపాల్సినంత నేరం సీఈవోది కాదు, అందులో నాకు సందేహం లేదు. కాని ‘మేము వట్టి వేదిక మాత్రమే’ అని చెప్పుకునే కంపెనీ ప్రతి అమ్మకం మీదా కమీషన్ మాత్రం శని ఆదివారాల్లో కూడా తీసుకుంటుంది కదా.

కేసు ఏడేళ్ళు నడిచింది. 2008లో ఢిల్లీ హైకోర్టు బజాజ్ మీద ఐపీసీ ఆరోపణలు తీసేసి, ఐటీ చట్టం కింద కేసు ఉంచింది. సరైన ఫిల్టర్లు పెట్టకపోతే కంపెనీకి ‘తెలుసు’ అనుకోవలసి వస్తుందని ఆ తీర్పు అంటుంది. 2012లో సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది, కాని ఎందుకు? కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టర్ని చేర్చారు, అది చెల్లదు అని. అసలు ప్రశ్న అలాగే పక్కన ఉండిపోయింది. మన న్యాయచరిత్రలో ఇలా పక్కదారిన ముగిసే కథలు తక్కువేమీ కాదు.

ఈ మధ్యలో పార్లమెంటు 79వ సెక్షన్‌ని తిరగరాసింది. 2009 అక్టోబరు 27 నుంచి అమలు. ఇప్పుడు ‘ఇంటర్మీడియరీ’ అన్న ఒక్క మాటలో తీగ లాగేవాడి దగ్గర్నుంచి సెర్చి ఇంజన్, సైబర్ కెఫే దాకా అందరూ ఇరుక్కున్నారు. రక్షణ ఏ చట్టానికైనా వర్తిస్తుంది, కాని నేరం సంగతి ‘వాస్తవంగా తెలిశాక’ వెంటనే తీసేయకపోతే పోతుంది. 2011 నియమాలు దానికి 36 గంటల గడువు పెట్టాయి. ఎవరు చెబితే తెలిసినట్టు అన్నది ఆ నియమాల్లో తేలలేదు. పక్కింటివాడు ఉత్తరం రాసినా తెలిసినట్టే అనుకోవచ్చు. తీసేస్తే కంపెనీకి పోయేదేం లేదు, ఉంచితే జైలు. ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా?

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పుతో ఇది సర్దుకుంది. అందరికీ గుర్తున్నది 66ఏ కొట్టేయడం. అదే తీర్పులో 79 గురించి కొన్ని పేజీలున్నాయి. ‘తెలియడం’ అంటే కోర్టు ఉత్తర్వు గాని ప్రభుత్వ నోటిఫికేషన్ గాని అందడమే అని అక్కడ తేల్చారు. తీర్పు రాసింది జస్టిస్ నారిమన్, ధర్మాసనంలో రెండో వ్యక్తి మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్. లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమో తేల్చే జడ్జి ఉద్యోగం ప్రైవేటు కంపెనీకి ఇవ్వకూడదన్నది ఆ పేజీల సారం. నాకు ఈ తీర్పు మీద గౌరవం. కాని సియాటిల్ మనిషి లాంటివాడు ముందు కోర్టుకి వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకోవాలంటే ఎన్ని వందల ఫోన్లు మోగాలి అన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది.

సికింద్రాబాదు కేసు ఈ రెండు కాలాల సందులో పడింది. 2008లో గూగుల్ గ్రూప్స్‌లో ఆస్బెస్టాస్ వ్యతిరేక ఉద్యమానికి చెందినవాళ్ళు విశాక ఇండస్ట్రీస్ గురించి రాశారు. ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే కంపెనీ అది. మన ఊళ్ళలో సగం రైసుమిల్లుల మీదా బడుల మీదా కప్పు అలాంటి రేకులే. కంపెనీ పరువునష్టం కింద సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు వేసింది, రాసినవాళ్ళతో పాటు గూగుల్ ఇండియాని కూడా ముద్దాయిగా చేర్చి. కొట్టేయమని గూగుల్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వచ్చింది. నోటీసు అందాక కూడా ఏమీ చేయలేదని 2011 ఏప్రిల్లో హైకోర్టు కుదరదంది. సుప్రీంకోర్టు తీర్పు 2019 డిసెంబరు 10న వచ్చింది. రాతలు 2008వి, కొత్త 79 అమలైంది 2009లో, కాబట్టి పాత సెక్షనే వర్తిస్తుంది. పాత సెక్షన్ రక్షణ ‘ఈ చట్టం కింద’ నేరాలకే. పరువునష్టం ఐపీసీ నేరం. కాబట్టి రక్షణ లేదు. ఇందాక చెప్పిన రెండు మాటలు ఇవే. మరి గూగుల్ గ్రూప్స్ నడిపేది అమెరికా కంపెనీ, మేము వట్టి శాఖ అన్న గూగుల్ ఇండియా వాదన? అది సాక్ష్యాలతో తేలాల్సిన విషయం, విచారణలో తేల్చుకోండి అంది కోర్టు. మ్యూనిక్‌లో సోమ్ చెప్పిన మాటే, ఇరవై ఏళ్ళ తర్వాత, మళ్ళీ మొదటి మెట్టు మీద. ఇక్కడ ఒక మాట అనాలి. ఫిర్యాదిదారు కంపెనీ, రాసినవాళ్ళు ఆరోగ్యం గురించి మాట్లాడే ఉద్యమకారులు. మోసినవాణ్ణి పట్టుకునే హక్కు అంటే బలహీనుడి ఆయుధమనే అనుకుంటాం గాని, కోర్టు మెట్లెక్కే స్తోమత ఉన్నవాడికే అది ముందు పనికొస్తుంది.

బలహీనుల వైపు నుంచి వచ్చిన కేసు కూడా హైదరాబాదుదే. 2015 ఫిబ్రవరిలో ‘ప్రజ్వల’ సంస్థ నుంచి సునీతా కృష్ణన్ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి. కోర్టు తనంత తానుగా కేసు తీసుకుంది, సీబీఐకి దర్యాప్తు అప్పగించింది, గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రతినిధుల్ని కమిటీలో కూర్చోబెట్టింది. 2018 సెప్టెంబరులో ఇలాంటి వాటిపై ఫిర్యాదు చేసే జాతీయ పోర్టల్ వచ్చిందంటే దాని వెనక ఈ కేసు ఉంది.

ఇంజనీరుగా నాకు ఆసక్తి కలిగించే ఘట్టం కూడా ఇందులోనే ఉంది. ఒక చెడ్డ ఫొటోకి వేలిముద్ర లాంటి సంఖ్య తీసి దాచుకుని, ఎవరైనా మళ్ళీ అదే ఎక్కిస్తే పట్టేసే పద్ధతి 2009 నుంచే ఉంది. ఫొటోడీఎన్ఏ అంటారు, మైక్రోసాఫ్టూ డార్ట్‌మత్ ప్రొఫెసరు హనీ ఫరీదూ కలిసి చేసింది. సర్వర్‌కి బొమ్మ కనబడితే ఇది పనిచేస్తుంది. ఈ కేసు నడుస్తూ ఉండగానే, 2016 ఏప్రిల్లో, వాట్సాప్ సందేశాలన్నిటికీ ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళం వేసింది. ఇక సర్వర్‌కి కనబడేది గజిబిజి అంకెలే. కంపెనీ నిజంగానే విప్పి చూడలేని పోస్ట్‌మన్ అయిపోయింది. ఆ తాళం విలేకరులకీ, భర్త ఫోను తనిఖీ చేస్తాడని భయపడే ఇల్లాలికీ, నీకూ నాకూ కావాలి. ఆ వీడియోలో ఉన్న స్త్రీకి మాత్రం అది మూసిన తలుపు. ఈ రెండూ కలిసే పరిష్కారం ఉందని చెప్పే కన్సల్టెంట్లని నేను నమ్మను.

కంపెనీల చేతిలో ఇంకో పని ఉంది, ఎవరో చెప్పడం. తీసేయడం కంటే ఎక్కువ ప్రాణాంతకమైనది ఇదే అంటాను. 2007లో ఆర్కుట్‌లో శివాజీని అవమానించే బొమ్మ పెట్టారని పుణె పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టి, ఐపీ అడ్రసు తాలూకు మనిషి ఎవరని ఒక టెలికాం కంపెనీని అడిగారు. కంపెనీ ఒక పేరిచ్చింది. బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని పట్టుకెళ్ళి ఎరవాడ జైల్లో పెట్టారు. 50 రోజులు. తర్వాత తేలిందేమిటంటే ఆ పేరు తప్పు. ఐపీ అడ్రసు ఇంటి నంబరు లాంటిది కాదు, లాడ్జిలో గది లాంటిది. పొద్దున ఒకడు దిగుతాడు, సాయంత్రం ఇంకొకడు. గది నంబరొక్కటే చాలదు, ఏ గంటకి అన్నది తెలియాలి. పైగా ఒక లాగ్ అంతర్జాతీయ సమయంలో, ఇంకోటి మన సమయంలో ఉంటే ఐదున్నర గంటల తేడా. ఇప్పుడు మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే అడ్రసు వెనక ఒకేసారి వందల మంది ఉంటారు కాబట్టి పోర్టు నంబరు కూడా కావాలి. బాధ్యత గురించి ఇన్ని తీర్పులొచ్చాయి గాని, తప్పు పేరు ఇచ్చిన కంపెనీకి ఏమిటి శిక్ష అన్న దాని మీద చర్చే తక్కువ.

కోర్టుల సంగతి ఇలా ఉంటే, రోజువారీ పని వేరేగా జరుగుతుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళు ఒక హోస్టింగ్ కంపెనీలో పనిచేశాను. ప్రతి నెట్‌వర్కుకీ ‘అబ్యూజ్’ అన్న పేరుతో ఫిర్యాదుల మెయిలు పెట్టె ఒకటుండాలని 1997 నుంచీ ఇంటర్నెట్ ఆనవాయితీ. నైట్ షిఫ్టులో దాన్ని చూడటం మా టీము వంతు. రోజుకి కొన్ని వందలు, ముప్పాతిక మువ్వీసం యంత్రాలు పంపినవే. అందులో ఏదో ఒక బ్యాంకు పేరుతో దొంగ లాగిన్ పేజీ ఉంటుంది. తీరా చూస్తే అది ఏ గుంటూరు చీరల షాపు సైటులోనో, ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్‌లో దూరి ఎవడో పెట్టి పోయిన ఫోల్డరు. కస్టమరు నేరస్తుడు కాదు, అతనూ బాధితుడే. సైటు మొత్తం ఆపితే షాపు మూతపడుతుంది, ఆపకపోతే తెల్లారేసరికి ఎవరి ఖాతాలోనో డబ్బు పోతుంది. మేం ఫోల్డరు ఒక్కటే మూసి కస్టమరుకి ఫోను చేసేవాళ్ళం. ఏ చట్టమూ మాకు అలా చేయమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

ఈ రకం చట్టం లేని న్యాయానికి పెద్ద ఉదాహరణ మెకోలో. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉండే ఈ హోస్టింగ్ కంపెనీలో స్పామ్ పంపే దొంగ నెట్‌వర్కులని నడిపించే సర్వర్లు కూడి ఉన్నాయని భద్రతా నిపుణులు ఎన్నాళ్ళుగానో చెబుతూ వచ్చారు. ఫిర్యాదులకు జవాబుండేది కాదు. 2008 నవంబరులో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి బ్రయాన్ క్రెబ్స్ ఆ ఆధారాలన్నీ పోగేసి, మెకోలోకి ఇంటర్నెట్ అమ్మే రెండు పెద్ద కంపెనీలని వివరణ అడిగాడు. నవంబరు 11న రెండూ తీగ పీకేశాయి. కోర్టు లేదు, పోలీసులు లేరు. ప్రపంచం మొత్తం స్పామ్ సుమారు మూడింట రెండొంతులు ఒక్కరోజులో పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్ళీ పెరిగింది, అది వేరే సంగతి. ఆ తీగ పీకిన చేతికి దండం పెట్టాలనే అనిపిస్తుంది. అదే చెయ్యి, అదే పద్ధతిలో, రేపు ఒక పత్రిక తీగ పీకితే ఎవరికి మొరపెట్టుకోవాలి? తీగ కంపెనీకి అంత శక్తి ఉంది కాబట్టే, నేరం పేరుతో దాన్ని వాడమని ఒత్తిడి చేసేటప్పుడు నాకు గుబులు. ఫొటోల సైటు ఒక్క ఫొటో తీసేయగలదు. హోస్టింగ్ కంపెనీ ఒక ఫోల్డరు తీయగలదు, మొహమాటంగానైనా. తీగవాడికి ఉన్నది ఒక్కటే స్విచ్చి. ఈ ముగ్గుర్నీ ‘ఇంటర్మీడియరీ’ అని ఒకే గాటన కట్టడమే మన చట్టంలో పెద్ద లోపం అని నా అభిప్రాయం.

2021 ఫిబ్రవరి నియమాలు ఈ గాటని కొంత విడదీశాయి, 50 లక్షలు దాటిన సోషల్ మీడియా కంపెనీలకి ప్రత్యేక బాధ్యతలు పెట్టి. నగ్నచిత్రాల మీద బాధితురాలే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో స్పందించాలన్నది అందులో నాకు నచ్చిన ముక్క. ఉత్తర్వు కోసం ఆమెని కోర్టుకి తిప్పనక్కర్లేదు. ఏది ఉంచాలో కంపెనీ తర్కించాల్సిన పని కూడా పెద్దగా లేదు. అదే నియమాల్లో సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్న షరతు ఉంది, దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది. ఇండియాలో నివసించే ఉద్యోగి ఒకర్ని నియమాల పాలన అధికారిగా పెట్టాలి, తప్పు జరిగితే కేసు ఆ మనిషి మీద పెట్టొచ్చు అన్న షరతు కూడా ఉంది. చెప్పాను కదా, ప్రెస్సు ఎక్కడుందో ముందు తెలియాలి.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇంకో ఆదేశం ఇచ్చింది. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. వీపీఎన్ కంపెనీలు తమ కస్టమర్ల పేరూ చిరునామా, వాళ్ళకిచ్చిన ఐపీ అడ్రసులూ ఐదేళ్ళు దాచాలి. ఎవరి జాడా దాచుకోకపోవడమే వాళ్ళ సరుకు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఒకదాని తర్వాత ఒకటి ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ మెనూలో ఆ తర్వాత కూడా ఇండియా కనిపించేది. నొక్కితే ఇండియా ఐపీ అడ్రసే వస్తుంది, యంత్రం మాత్రం సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటుంది.